తెరచాప పడవల చెలిమి పందెము

చెన్నూరు గోదావరి రేవున నిలిచి ఓడల ప్రసంగ మెత్తినచో వినువారికి వింతగా తోచును. ఆ పట్టణమునకు సముద్రము 300 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఉప్పుగాలి ఆ వీధులకు సోకదు. అయినను ఆ యూరి గుడిలో వెలసిన స్వామి పేరు అగస్త్యేశ్వరుడు. సముద్రమును పుడిసిట పట్టి త్రాగెనని పురాణములు చెప్పు ముని పేరిట, సముద్ర మెరుగని యూర శివుడు పూజలందుకొనుచున్నాడు. ఆదిలాబాదు జిల్లానుండి విడివడి 2016లో మంచిర్యాల జిల్లాలో చేరిన యీ పట్టణమువద్ద గోదావరి ఉత్తరముగా మలుపు తిరుగును. ఆ ఉత్తరవాహినిలో స్నానము విశేష ఫలదమని జనుల నమ్మకము. దిగువన కాళేశ్వరముకడ ప్రాణహిత వచ్చి కలియును. అచ్చటినుండి ఆ నీరంతయు తూర్పుకడలికే పోవును. నీరు పోవు దారినే పూర్వము కలపయు సరకులును పోయినవి. కావున ఓడల కథ చెన్నూరుకు పరాయిది కాదు.

పాత తెరచాప పడవలవారు కొందరొక చోట చేరి స్నేహముగా పందెము వేసికొను వాడుక నేడు ప్రపంచమున పలు రేవులలో కలదు. ఆ పందెమెట్టిది, దానిని జరుపు విధమేమి, దానివలన లాభమేమి, మన గోదావరికి దానితో పొత్తేమి యను విషయములను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

పడవ పందెమునకు పాశ్చాత్యులు వాడు 'రెగట్టా' యను మాట వెనీసు నగరమున పుట్టినది. ఆ నగరమున వీధులకు బదులు కాలువలుండుటచే పడవయే బండి, పడవయే పల్లకి. తరువాతి కాలమున పందెములు ధనికుల వేడుకలైనవి. అయితే మనము ముఖ్యముగా గమనింపవలసినది వేరొక పందెము. 1863లో ఇంగ్లండులోని థేమ్సు నదిపై హెన్రీ డాడ్ అను వర్తకుడు సరకు పడవలకు పందెము పెట్టెను. అవి ఇటుకలు, గడ్డి, ధాన్యము మోయు అడుగు చదునైన పడవలు. ఒక్కొక్క దానిని ఇద్దరు మనుష్యులు నడపువారు. వానికి పందెమేమిటని నవ్విన వారుండవచ్చును. కాని పందెము నాటికి ప్రతి సరంగును తన పడవ అడుగు గీకించి, తాళ్లు మార్చి, తెరచాప కుట్టించి సిద్ధపడసాగెను. వడ్రంగులు రూపమును సవరింపసాగిరి. కొన్ని యేండ్లలోనే సరకు పడవలు మునుపటికన్న చురుకైనవి. కూలి పడవకు గౌరవము తెచ్చినది ఆ పందెము.

ఈనాటి స్నేహ పందెములలో ముఖ్యమైనది ఫ్రాన్సు దక్షిణతీరమున సెంట్ ట్రోపె రేవున పుట్టినది. 1981లో రెండు పడవల యజమానులు భోజనము పందెముగా పెట్టుకొని తమ పడవలను పరుగెత్తించిరి. చూచినవారికది నచ్చెను. మరుసటి యేట మరికొన్ని పడవలు చేరెను. క్రమముగా అది యేటేటి జాతరయయ్యెను. 1995లో ఆ పందెమున రెండు పడవలు ఢీకొని ఒకరు మరణించుటచే పందెములు కొన్నేండ్లు నిలిచిపోయి, 1999లో క్రొత్త పేరుతో మరల మొదలైనవి. స్నేహము పేరిట జరుగు వేడుకకు సైతము జాగ్రత్తయే పునాదియని ఆ సంగతి బోధించుచున్నది.

ఏ పడవను పాత పడవ యనవలెను? మధ్యధరా సముద్రతీరమున ఒక కొలత యేర్పరచుకొనిరి. 1950కి ముందు నీటిలో దిగినవి ప్రాచీనములు. 1950 మొదలు 1975 వరకు దిగినవి రెండవ తరగతివి. వట్టి వయస్సు చాలదు. కలప, కొయ్య, తెరచాప అమరిక మొదటి రూపమునకు దగ్గరగా ఉండవలెను. పాత పడవకు క్రొత్త యంత్రమమర్చి పందెమున నిలిపినచో దానిని మెచ్చుకొనరు.

ఇక తెరచాప పనిచేయు తీరు చెప్పుకొందము. వెనుకనుండి గాలి వీచునప్పుడు తెరచాప పడవను నెట్టుననుట పసిబిడ్డకును తెలియును. ఎదురుగాలిలో పడవ ముందుకు సాగుటయే చిత్రము. తడిసిన చింతగింజను రెండు వ్రేళ్ల నడుమ నొక్కి చూడుడు. గింజ వ్రేళ్లవైపు పోక ముందుకు జారిపోవును. ఏటవాలుగా పట్టిన తెరచాపను ఒకవైపు గాలి ఒత్తును. నీటిలో మునిగిన అడుగుకమ్మి పడవను ప్రక్కకు జారనీయక రెండవవైపు ఎదురు నిలుచును. ఈ రెండు ఒత్తిళ్ల నడుమ పడవ చింతగింజవలె ముందుకు నడచును. అయినను గాలికి సూటిగా ఎదురు పోవుట ఏ తెరచాపకును సాధ్యము కాదు. సాధారణముగా 45 డిగ్రీల కోణమున కుడివైపు కొంత, ఎడమవైపు కొంత మలుపులు తిరుగుచు పోవలెను. నిట్టనిలువు కొండను ఎడ్లబండి సూటిగా ఎక్కలేక మెలికల దారిని ఎక్కునట్లే యిదియు. పూర్వపు చతురస్రపు చాపల ఓడలకు ఇంకను పెద్ద కోణము కావలసియుండెను. ముక్కోణపు చాపలు ఎదురుగాలికి మేలైనవి.

అన్ని పడవలు నొక్కటి కావు. ఒకటి పొడవైనది, ఒకటి పొట్టిది. ఒకటి పందెమునకే పుట్టినది, మరొకటి ధాన్యము మోయుటకు పుట్టినది. వీనిని ఒక్క గీతపై నిలిపి పరుగెత్తించుట న్యాయమా? దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది, మందగమనముగల పడవను ముందుగా, వేగముగలదానిని వెనుకగా బయలుదేరించుట. అప్పుడు అన్నియు గమ్యమువద్ద ఇంచుమించుగా కలిసికొనును, చూపరులకు వేడుక. రెండవది లెక్కతో చేయు న్యాయము. ఒక్కొక్క పడవకు దాని కొలతలను, వయస్సును, తెరచాపల వైశాల్యమును బట్టి ఒక గుణకము నిర్ణయింతురు. పట్టిన కాలమును గుణకముచే హెచ్చవేసిన వచ్చునదే లెక్కకాలము. ఉదాహరణకు, ముసలి పడవ యొకటి 100 నిమిషములలో గమ్యము చేరెననుకొందము. దాని గుణకము 0.85. లెక్కకాలము 85 నిమిషములు. క్రొత్తది 90 నిమిషములలోనే చేరినది, గుణకము 0.98. లెక్కకాలము 88 నిమిషముల 12 సెకండ్లు. కంటికి ఓడిన ముసలిది కాగితముపై 3 నిమిషముల 12 సెకండ్ల తేడాతో గెలిచినది. తన పడవకున్న శక్తిలో ఎంత పాలు సరంగు రాబట్టెనన్నదే యిచ్చట పరీక్ష.

పందెము మొదలగు తీరు కూడ వినదగినది. తెరచాప పడవను గుఱ్ఱమువలె గీతపై కదలక నిలుపలేము. కావున ఒక జెండాపడవకును ఒక తేలుగుండునకును నడుమ ఊహారేఖ గీసికొని, సమయము చాటుదురు. 5 నిమిషములు మిగిలినప్పుడొక సంకేతము, 4 నిమిషములకొకటి, 1 నిమిషమునకొకటి, తుదకు బయలుదేరు సంకేతము. అంతవరకు పడవలు అటునిటు తిరుగుచు, సరిగా ఆ క్షణమునకు గీతను దాటునట్లు చూచుకొనవలెను. ముందుగా దాటినవాడు వెనుకకు మరలి రావలెను.

దారి విషయమున కట్టడులు కొన్నియే. తనకు కుడివైపునుండి గాలి తగులు పడవకు, ఎడమవైపునుండి గాలి తగులు పడవ దారి ఈయవలెను. రెండింటికిని ఒక్క వైపుననే గాలి తగులుచుండి ప్రక్కప్రక్కన సాగుచున్నచో, గాలి ముందుగా తాకునదే తొలగవలెను. వెనుకనుండి వచ్చి దాటగోరునది ముందున్నదానికి తగులరాదు. వీని కన్నిటికిని మిన్నయైన కట్టడి యొకటి పందెపు నిబంధనల మొదటనే కలదు. ఎవరైనను ఆపదలో నున్నచో పందెము మాని సాయము చేయవలెను. అట్లు సాయము చేసి కాలము కోల్పోయిన పడవకు ఆ నష్టమును తీర్చు ఏర్పాటు కూడ కలదు. గెలుపుకన్న ప్రాణము గొప్పదని చట్టమే చెప్పుచున్నది. స్నేహ పందెమను మాటకు అసలైన అర్థమిదియే.

మన భాషలో స్నేహితునకు 'సంగడీడు' అను అందమైన మాట కలదు. సంగడి యనగా సాంగత్యము. జోడించి కట్టిన రెండు దోనెలకును సంగడి యనియే పేరు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో నొక నావికుడు వ్రాసిన యాత్రా గ్రంథము 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లసు'. అందు తూర్పుతీరమున కలపను జోడించి కట్టు పెద్ద పడవలను 'సంగర' లనిరి. సంగర, సంగడి యను రెండు మాటల పోలిక ఎవరికైనను తోచును. జోడుపడవకును జోడుకానికిని ఒక్క మాట వాడిన జాతికి స్నేహ పందెము క్రొత్త సంగతి కాజాలదు.

మన నావల పూర్వవృత్తాంతము రాళ్లపైనను లోహముపైనను నిలిచియున్నది. చెన్నూరునకు ఎగువన గోదావరి యొడ్డునే, పూర్వపు కరీంనగరు జిల్లాలో, కోటిలింగాల కలదు. అచ్చట తొలి సాతవాహనుల నాణెములు దొరికినవి. ఆ వంశపు రాజులే తరువాత, క్రీస్తుశకము రెండవ శతాబ్దమున, రెండు కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణెములు వేయించిరి. నది నడుమ పుట్టిన రాజ్యము కడలి యంచు చేరినదని ఆ చిన్న బిళ్లలు చాటుచున్నవి. కాకతి గణపతిదేవుడు ఓరుగల్లున నుండియు సముద్రము మరువలేదు. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున ఆయన అభయశాసనము వేయించెను. అంతకుముందు తుపానున కొట్టుకొనివచ్చి తీరము తాకిన ఓడల సరకును రాజులు బలాత్కారముగా కైకొనుచుండిరి. అది తగదనియు, నియతమైన సుంకము తప్ప మరేమియు పుచ్చుకొనమనియు ఆయన వర్తకులకు మాట యిచ్చెను. కష్టమున నున్న ఓడను దోచరాదను ధర్మమును మన నేలపై ఏడువందల యేండ్లకు పూర్వమే రాతిపై చెక్కిరి. మీద చెప్పిన పందెపు నిబంధనయు దీనికి దూరపు చుట్టమే.

గోదావరి కడలిని కలియుచోట కోరంగి రేవు ఓడల నిర్మాణమునకు పేరు పొందినది. అచ్చటినుండి బర్మాకు పోయిన తెలుగువారిని ఆ దేశమున కోరంగీలనియే పిలిచిరి. 1789లోను 1839లోను వచ్చిన తుపానులు ఆ రేవును చావుదెబ్బ కొట్టినవి. ఇసుక మేటలును తోడైనవి. ఎగువ అడవుల టేకు, వెదురు తెప్పలుగా కట్టబడి వరదనీటిపై రాజమహేంద్రవరమువైపు సాగుట పూర్వము పరిపాటి. టేకు తానుగా బాగుగ తేలదు. కావున వెదురును తోడుగా కట్టి తేల్చెడివారు. అడవి ఇచ్చట, కడలి అచ్చట. నడుమ కూలియడుగక మోయునది నది.

గోదావరిని పెద్ద నావామార్గముగా చేయవలెనని తలచినవాడు సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించిన ఆయన, నదిని ఎగువకును పడవలకు తెరువవలెనని వాదించెను. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధముచే ఇంగ్లండు మిల్లులకు దూది కరవైనది. నాగపురము, బీరారు ప్రాంతముల దూదిని పడవలలో సముద్రమునకు చేర్చవలెనను ఆశతో పని సాగినది. దారికి మూడు రాతి అడ్డంకులుండెను. మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇంద్రావతి కలియుచోటికి చేరువనున్న ఇంచంపల్లి, మూడవది ప్రాణహితపై దేవలమఱ్ఱి. కెప్టెన్ హేగ్ అను ఇంజనీరు ఆధ్వర్యవమున ఆనకట్టలు, లాకులు, కాలువలు మొదలుపెట్టిరి. చెన్నూరునకు దిగువనే ఆ మార్గము ప్రాణహితలోనికి తిరుగవలసియుండెను. ఇంతలో 1867లో నాగపురమునకు రైలు వచ్చినది. వరదలు, జ్వరములు, వ్యయము పనిని కుంగదీసినవి. 1871లో దానిని మానివేసిరి. దుమ్ముగూడెము ఆనకట్ట మాత్రము ఆ ప్రయత్నమునకు గుర్తుగా నిలిచియున్నది.

1929లో కాజీపేట, బల్హార్షాల నడుమ రైలుమార్గము పూర్తియై మంచిర్యాలమీదుగా బండ్లు సాగినవి. కలప రైలెక్కినది. లారీలు వచ్చినవి. రేవులకు బదులు వంతెనలు లేచినవి. ఇవన్నియు మేలే. వానకాలమున ప్రసవవేదన పడు ఆడుబిడ్డను పడవపై దాటించు కష్టము ఎరిగినవాడెవడును వంతెనను నిందింపడు. కాని పడవ పోవుటతో పడవతో కూడిన విద్యయు పోవుచున్నది. ఏ చెట్టు మ్రాను ఏ వంపునకు తగును, పలకల నడుమ సందును ఏమి కూరి మూయవలెను, నీటి రంగును చూచి ఇసుకమేటను కనిపెట్టుటెట్లు, సుడి యెక్కడ పుట్టును అను సంగతులు గంగపుత్రుల ఇండ్లలో తండ్రి కొడుకునకు చేతులతో నేర్పినవి. పుస్తకములలో వ్రాసినవి కావు. నేర్చుకొను కొడుకు లేనప్పుడు ఒక్క తరములో అవి మాయమగును.

మాయమైన విద్యను మరల తెచ్చుకొనుట ఎంత కష్టమో ఇటీవలి యొక ఉదాహరణము చూపును. అజంతా గుహలలో నొకచోట మూడు కొయ్యల ఓడ చిత్రము కలదు. అట్టి ఓడను మేకులు లేక, పలకలను కొబ్బరినార త్రాళ్లతో కుట్టి, మరల కట్టవలెనని మన దేశమున తలపెట్టిరి. నక్షా లేదు, కొలతలు లేవు. ఉన్నది గోడపై బొమ్మ యొక్కటియే. కుట్టు పడవల విద్య మిగిలియున్న కేరళ పనివారు పూనుకొనిరి. మద్రాసులోని ఐఐటీ శాస్త్రజ్ఞులు నమూనాను నీటిలో పరీక్షించిరి. అట్లు సిద్ధమైన ఓడకు కౌండిన్య యని పేరు పెట్టి 2025 మే నెలలో కార్వారున నౌకాదళమునందు చేర్చుకొనిరి. అది 2025 డిసెంబరులో పోరుబందరునుండి వెడలి 2026 జనవరిలో మస్కటు చేరెను. ఆ కుట్టుపని ఎరిగిన చేతులు కొన్ని మిగిలియుండుటవలననే ఇది జరిగినది. అవియు లేనిచో బొమ్మ బొమ్మగానే ఉండెడిది.

తెరచాప విద్య ముసలివారిదని తలపరాదు. 2017 సెప్టెంబరులో గోవానుండి వెడలి 2018 మే నెలలో తిరిగివచ్చిన తారిణి యను 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు నావికాదళ యువతులు భూగోళము చుట్టివచ్చిరి. వారిలో స్వాతి విశాఖపట్టణపు బిడ్డ, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు బిడ్డ. హైదరాబాదునకు సముద్రము లేదు. 1562లో కట్టిన హుస్సేనుసాగరము కలదు. ఆ చెరువుపై నేడును వానకాలపు గాలిలో బాలబాలికలు చిన్న తెరచాప పడవల పందెములాడుచున్నారు. నీరెంత యున్నదన్నది కాదు, నేర్చువా రుండిరా యన్నదే ముఖ్యము.

గోదావరి పడవలకును ఇట్టి పందెమొకటి యుండినచో బాగుండునని మేము తలంతుము. వరద తగ్గి నీరు తేటపడిన కార్తీకమాసము దానికి తగిన కాలము. తెరచాప పడవలు, గడ వేసి నడపు నాటు పడవలు, తెప్పలు, పుట్టులు, ఏవి మిగిలియున్న అవి రావచ్చును. పుట్టికిని పడవకును సామ్యము కుదురదందురా? ముందు చెప్పిన గుణకపు లెక్క అందులకే యున్నది. బహుమతి పెద్దది కానక్కరలేదు. ఓడినవాడు గెలిచినవానికి భోజనము పెట్టిన చాలును. అయితే పందెమునకు ముందు ఒక పని జరుగవలెను. వచ్చిన ప్రతి పడవను కొలిచి, బొమ్మ గీసి, దానిని కట్టినవాని నోట దాని కథ విని వ్రాసికొనవలెను. పాఠశాల విద్యార్థులు కొలబద్దతో, కాగితముతో చేయగల పని యిది. పందెము ఒక్క పూటది. ఆ కాగితములు వంద యేండ్లు నిలుచును.

జాగ్రత్త మాట మరువరాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరువద్ద వరద గోదావరిలో విహారపు పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. నది అమ్మయే. కాని పొంగిన నది ఎవరి మాట వినదు. ప్రతివాడును తేలుచొక్కా తొడుగవలెను. వరద హెచ్చరిక యున్ననాడు రేవు విడువరాదు. ఎగువ ఆనకట్టల తలుపు లెప్పుడు తీయుదురో ముందుగా తెలిసికొనవలెను. పందెపు పడవలవెంట రక్షణపడవ లుండవలెను. సరంగు వలదన్ననాడు పెద్దలెవరు కోరినను పడవ కదలరాదు. ఈ మాటకు విలువయిచ్చుటయే పడవ నడపువాని విద్యకు ఈయదగిన మొదటి గౌరవము.

ముసలి పడవలను గాజు పెట్టెలలో దాచిన చాలదా యని కొందరడుగుదురు. దాచుటయు మంచిదే. కాని గట్టుపై ఎండిన పడవ పలకలు విచ్చుకొనును. నీటిలో నున్న పడవకే కలప ఉబ్బి అతుకులు బిగియును. పడవవలెనే పడవ విద్యయు. వాడుకలో నున్నంతకాలమే అది గట్టిగా నుండును. అందుచే ఏటికొక్క పూటయైనను ఆ పడవలు నీటిలో దిగవలెను, ఆ చేతులు చుక్కాని పట్టవలెను, చూచు పిల్లలు రేవు మెట్లపై కూర్చుండి ప్రశ్నలడుగవలెను. చెన్నూరు కడ ఉత్తరముగా తిరిగిన గోదావరి కొంత దూరము పోయి మరల తూర్పుదారి పట్టును. మన తలపులును ఒక్కమారు వెనుకకు మలగి, పాత రేవులను చూచి, మరల ముందుకు సాగుట తప్పు కాదు.